శతకమున మాట లెన్ని?

కంప్యూటరునకు పని నేర్పువారిలో నొక వినోదము కలదు. ఒక పనిని ఎంత తక్కువ అక్షరములతో దానికి చెప్పవచ్చునో చూతమని వారు పందెము వేసికొందురు. దీనిని కోడ్ గాల్ఫ్ అందురు. గాల్ఫ్ అను బంతియాటలో తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేసినవారిది గెలుపు. ఇచట తక్కువ అక్షరములతో ప్రోగ్రాము వ్రాసినవారిది గెలుపు. ప్రోగ్రామనగా కంప్యూటరు వరుసగా చేయవలసిన పనుల పట్టిక. పందెమునకు వ్రాయు ప్రోగ్రాము చూచుటకు అందముగా నుండనక్కఱలేదు, పదిమందికి అర్థము కానక్కఱలేదు. పని జరుగవలెను, అక్షరములు తగ్గవలెను. అంతియే.

ఇది పనిలేనివారి ముచ్చటయని కొందఱు సోదరీమణులు తలపవచ్చును. కాని తక్కువ అక్షరములలో ఎక్కువ పని యిముడ్చు విద్య మన దేశమున మిక్కిలి పాతది. పాణిని మహర్షి సంస్కృత భాష నంతయు సుమారు 4000 సూత్రములలో బంధించెను. ఆ గ్రంథపు కడపటి సూత్రము రెండే యక్షరములు. సూత్రమున అరమాత్ర తగ్గినచో వైయాకరణులు కొడుకు పుట్టినంత పండుగ చేసికొందురని నానుడి. (కూతురు పుట్టినంత యని యేల అనలేదో వారినే యడుగవలెను.) బడిలో మనమందఱము నేర్చిన అచ్చులు, హల్లులు అను పేర్లే ఈ విద్యకు సాక్ష్యము. పరమశివుని డమరుకమునుండి వెలువడినవని పెద్దలు చెప్పు పదునాలుగు సూత్రములలో వర్ణములన్నియు నొక వరుసగా పేర్పబడినవి. మొదటి సూత్రమునందలి అకారము మొదలుకొని నాల్గవ సూత్రము చివరనున్న చకారపు పొల్లు వఱకు గలవి స్వరములు. కావున 'అచ్' అన్నచో స్వరములన్నియు వచ్చినట్లే. అయిదవ సూత్రమునందలి హకారము మొదలుకొని పదునాల్గవ సూత్రము చివరనున్న లకారపు పొల్లు వఱకు 'హల్'. మొదటిదానిని, తుదిదానిని మాత్రము చెప్పి నడుమనున్నవాని నన్నిటిని చేతబట్టుకొనుట ఈ యుక్తి. నేటి కంప్యూటరు భాషలలో ఆంగ్లాక్షరముల నన్నిటిని పేర్కొనుటకు ఏ అనియు, ఒక చిన్న గీతయు, జెడ్ అనియు వ్రాయుదురు. యుక్తి యదియే.

ఇట్టి పందెములలో తఱచుగ వచ్చు సమస్య మాటలను గూర్చినది. ఒక కథనో వ్యాసమునో యిచ్చి, ఇందు మాట లెన్ని, ఏ మాట యెన్నిమాఱులు వచ్చినది, అన్నిటికంటె నెక్కువగ వచ్చినవేవి యని యడుగుదురు. ఈ సమస్యకు ప్రసిద్ధమైన చరిత్ర యొకటి కలదు. అమెరికాలో కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము ప్రకటించు మాసపత్రికలో జాన్ బెంట్లీ యనునాయన ఒక శీర్షిక నడపుచుండెను. 1986లో ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడైన డొనాల్డ్ క్నూత్‌నకు ఈ సమస్య నిచ్చెను. ప్రోగ్రామును సైతము వ్యాసమువలె చదువుకొనునట్లు వ్రాయవలెనని పట్టుదల గల పండితుడాయన. పుటలకు పుటలు నిండిన ప్రోగ్రాము వ్రాసి పంపెను. దానిని సమీక్షింపుమని బెల్ ప్రయోగశాలలోని డగ్ మెకిల్‌రాయ్‌ని కోరిరి. ఆయన క్నూత్ పనితనమును మెచ్చుకొని, పిదప ఆ పనినే ఆఱు చిన్న ఆజ్ఞలతో చేసి చూపెను.

ఆ యాఱు ఆజ్ఞలును మన వంటయింటి పనివలెనే యున్నవి. మొదటి ఆజ్ఞ అక్షరము కానిదాని నంతయు తీసివేసి మాటకొక పంక్తిగ విడదీయును. రెండవది పెద్ద యక్షరములను చిన్న యక్షరములుగ మార్చును. మూడవది మాటలను అకారాదిగ పేర్చును; అప్పుడు ఒక్కతీరు మాటలన్నియు ప్రక్కప్రక్కకు చేరును. నాల్గవది అట్లు చేరినవానిని ఒక్కటిగ జేసి, ఎన్నియో లెక్క వ్రాయును. అయిదవది ఆ లెక్కనుబట్టి ఎక్కువనుండి తక్కువకు పేర్చును. ఆఱవది కావలసినన్ని చూపి తక్కినవానిని విడుచును. ఒకరు చెఱిగిన బియ్యమును ఇంకొకరు జల్లించి, మఱియొకరు రాళ్లేఱి, చేట చేతులు మాఱినట్లుగ ఒకదాని ఫలితము రెండవదానికి పోవును. దాచుకొనుటకు వేఱు పాత్ర యక్కఱలేదు. పొట్టి ప్రోగ్రాములకు మెచ్చువారు నేటికిని ఈ కథను చెప్పుకొందురు.

మా యింట ఈ సంగతి యెట్లు వచ్చినదనగా: మేము శ్రీకాళహస్తిలో ఒక్క కప్పు క్రింద నుండు తోడికోడండ్ర మిద్దఱము. మా బిడ్డలలో కడసారిది తిరుపతిలో ఇంజనీరింగు చదువుచున్నది. దాని కళాశాలలో నిట్టి పందెమొకటి పెట్టిరి. పిల్ల సెలవులకు వచ్చి తన ప్రోగ్రామును పరీక్షించుకొనుటకు ఏదైన గ్రంథము కావలెననగా, మా అత్తగారు తమలపాకునకు సున్నము వ్రాయుచు, "ధూర్జటి శతకం ఉండాది గదా, దాన్ని బెట్టు" అనిరి.

ధూర్జటి మా యూరి దేవుని కవి. శ్రీకృష్ణదేవరాయల కాలమువాడు. 16వ శతాబ్దమున శ్రీకాళహస్తీశ్వర శతకమును, నాలుగాశ్వాసముల శ్రీకాళహస్తి మాహాత్మ్యమును రచించెను. మా అత్తగారు బడికి పోయినది మూడవ తరగతి వఱకే. శతకమును మాత్రము తండ్రిగారి నోట విని నేర్చినారు. నూటికి పైబడిన ఆ పద్యములలో వారికి రాని పద్యము లేదు. పిల్ల ఇంటర్నెట్టునుండి శతకమును దింపుకొని, మొదట మెకిల్‌రాయ్ ఆఱు ఆజ్ఞలనే దానిపై ప్రయోగించినది.

తెరపై ఒక్క పంక్తి వచ్చినది. అందు 1 అను అంకె యున్నది. ఆ యంకె ప్రక్కన, మాట యుండవలసిన చోట, ఏమియు లేదు.

కారణము కష్టమైనది కాదు. ఆ మొదటి ఆజ్ఞకు ఏ మొదలు జెడ్ వఱకు గలవే యక్షరములు. తక్కినదంతయు, అనగా అంకెయైనను, చుక్కయైనను, తెలుగైనను, దానికి మాటల నడుమనుండు ఎడము. శతకమంతయు ఎడమే. ఎడములన్నియు కలిసి ఒక ఖాళీ పంక్తి యైనవి. ఆ ఖాళీ పంక్తిని యంత్రము నిజాయితీతో 'ఒకటి' యని లెక్కించినది. "అవ్వా, నీ శతకంలో ఒక్క మాటగూడా లేదంట" అని పిల్ల చెప్పగా, "మనది వాయులింగం గదే, గాలి మిగిలుండాది" అని అత్తగారు నవ్విరి.

పిల్ల నవ్వలేదు. తన ప్రోగ్రామును బయటికి తీసినది. అది పైతాన్ అను కంప్యూటరు భాషలో వ్రాసినది. ఆ భాషలో 'మాటలో చేరు అక్షరము' అని చెప్పుటకు రెండే గుర్తులు గల సంకేతమొకటి యున్నది: ఒక వాలుగీత, ఒక డబ్ల్యూ. ఇది ఆంగ్లమునకే పరిమితము కాదు, లోకమందలి లిపులన్నిటికి చెల్లునని పేరు. మనకు సగమే చెల్లినది. మన అచ్చులను, హల్లులను అది అక్షరములుగ నంగీకరించును; గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను అంగీకరింపదు. అవి కనబడినచోట మాట ముగిసినదనుకొని తెగగోయును. తెలుగు అని యిచ్చినచో త, ల, గ అని మూడు మాటలు చెప్పును. శ్రీకాళహస్తీశ్వరా యని యిచ్చినచో శ, ర, క, ళహస, త, శ, వర అని యేడు ముక్కలు చేసినది. దీర్ఘము పోయినది, గుడి పోయినది. కాళహస్తికి గుడి లేకుండ జేయుట ఎవరితరము ననుకొంటిమి. రెండు గుర్తుల సంకేతము చేసివైచినది.

కంప్యూటరు భాషలన్నియు నిట్లు చేయవు. పెర్ల్ అను భాషలో ఆ సంకేతమే గుణింతపు గుర్తులను మాటలో చేర్చుకొనును. కావున ఇది యంత్రపు స్వభావము కాదు. నియమమును వ్రాసినవారు అక్షరమనగా నేమనుకొనిరో, అది. వారి లిపిలో హల్లును, అచ్చును వేఱువేఱుగ ప్రక్కప్రక్కన నిలుచును. మన లిపిలో అచ్చు హల్లు నెక్కి కూర్చుండును, క్రింద వ్రేలాడును, ప్రక్కకు సాగును.

దీనికి విఱుగుడు కలదు. లోకమందలి లిపులన్నిటిని అంకెలతో గుర్తించు యూనికోడ్ అను పట్టికలో 1991 నుండి తెలుగునకు చోటున్నది. 128 గదుల వరుస మనది, గదులన్నియు నిండలేదు. మొదటి గదినుండి కడపటి గది వఱకు అని చెప్పినచో గుణింతములతో సహా మన లిపి యంతయు లోబడును. అచ్, హల్ అన్న పాత యుక్తియే మరల నక్కఱకు వచ్చినది. కాని యిట్లు చెప్పుటకు అయిదు గుర్తులు పట్టును: ఇరుప్రక్కల బ్రాకెట్లు రెండు, తెలుగు గుర్తులు రెండు, నడుమ గీత. సంకేతమున కైనచో రెండే. పందెమున మూడు గుర్తుల నష్టము. గుర్తులను గాక బైట్లను లెక్కించు పందెములలో నష్టమింకను హెచ్చు. ఏలయన ఇంటర్నెట్టునందు సాధారణముగ వాడు పద్ధతిలో ఆంగ్లాక్షరమున కొక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు. రెండున్నచోట తొమ్మిది యగును. 'స్త్రీ' యని మన మొక్క యక్షరముగ పలుకుదుము. కంప్యూటరునకు అది ఆఱు గుర్తులు, పదునెనిమిది బైట్లు. స్త్రీ భారమును ఇంత సూక్ష్మముగ తూచినవారిని మేము చూడలేదు.

వేఱొక మార్గమును పిల్ల చూపినది. అక్షరముల జోలికి పోక, ఎడము కనబడినచోట విఱువుమని చెప్పుట. ఇందు ఖర్చు లేదు, తెలుగు చెడదు. కాని ఆశ్చర్యార్థకము అంటియున్న మకుటమొక మాట, అంటనిది వేఱొక మాట యగును. కొందఱు 'శ్రీ' తరువాత ఎడము విడిచి 'కాళహస్తీశ్వరా' యని అచ్చు వేయుదురు. అప్పుడు స్వామివారి పేరు రెండు తావుల పడును. ఇంతేకాక మన అచ్చు పుస్తకములలో 'సాఫ్ట్‌వేరు' వంటి మాటల నడుమ, అక్షరములు అతుకుకొనకుండుటకై, కంటికి కనబడని గుర్తొకటి పెట్టుదురు. 128 గదుల వరుసలో దానికి చోటు లేదు. కనబడని ఆ గుర్తువద్ద యంత్రము మాటను రెండు చేయును.

పందెమున పరీక్షకై యిచ్చిన గ్రంథములన్నియు ఆంగ్లములే. కావున పిల్ల పొట్టి ప్రోగ్రామునే పంపినది. పందెమునకు నియమములు పందెము పెట్టినవారివి గదా. బహుమానము వేఱొకరికి పోయినది. ఆ సంగతి యంతటితో సరి.

సరి కానిది శతకము. ఎడములనుబట్టి విఱిచి తీసిన మాటల పట్టికను పిల్ల అవ్వగారికి చదివి వినిపించుచుండెను. వారు నాలుగు పంక్తులు విని, "ఇవి మాటలంటే ఎట్లా? మాటలు దీంట్లో ఉండాయి. ఇవి మాటలు గావు" అనిరి.

వారు చెప్పిన దేమనగా, మన భాషలో మాటలు చేయి చేయి పట్టుకొని నడచును. పట్టుకొన్నప్పుడు ఒకదాని తుది పోవును, ఒకదాని మొదలు మాఱును. ఇది పండితుల సొమ్ము కాదు, మన వంటయింటిలోనిదే. కూరయు కాయయు కలిసి కూరగాయలైనవి; ఆ మాటలో 'కాయ' యను రూపము వెదకిన దొరకదు. తల్లియు తండ్రియు కలిసి తల్లిదండ్రులైరి; అందు 'తండ్రి' కనబడడు. ఇల్లు అను మాట ఇంటికి, ఇంటిలో, ఇంట, ఇండ్లు అని రూపములు మార్చును; యంత్రమునకు అవి యన్నియు వేఱువేఱు మాటలు. పద్యములో నింకను కష్టము. 'చేసి' యనునది ముందున్న మాటనుబట్టి 'జేసి' యగును. అరసున్న యుండిన నొక మాట, లేకున్న నొక మాట. ద్రుతపు నకార మెక్కడ అంటుకొన్నదో అక్కడ మఱియొక మాట. ఆంగ్ల గ్రంథమును లెక్కించినచో పట్టిక తలపై సాధారణముగ ది, ఆఫ్, అండ్ అను చిన్న మాటలు నిలుచును. తెలుగున ఆ పనులు చేయునవి వేఱుగ నిలువవు. పెద్ద మాట వెనుక నంటుకొని యుండును.

అసలు మాటల నడుమ ఎడము విడుచుట మనకు అచ్చు యంత్రముతో స్థిరపడిన యలవాటు. తాటాకు గ్రంథములలో అక్షరము వెంట అక్షరము పోవుచునేయుండును. ఎచ్చట విఱువవలెనో చదువువారు ఎఱుగవలెను. పద్యమును విఱిచి చదువుట యనునది ఒక చదువు. అది యెడము చూచి విఱుచుట కాదు, అర్థము తెలిసి విఱుచుట.

ఇందుకు మా యూరి పేరుకంటె మంచి యుదాహరణము లేదు. శ్రీకాళహస్తి యన్నచో యంత్రమునకు మాట యొకటి, గుర్తులు పండ్రెండు, బైట్లు ముప్పదియాఱు. మా యూరి పిల్లవానిని అడిగినచో మాటలు మూడనును: శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. మూడును శివుని కొలిచి ముక్తి పొందినవని స్థలపురాణము. ఈ మూడు జీవులను నోటి వెంట ఒక్క గ్రుక్కలో చెప్పుటకే ఆ పేరు పుట్టినదందురు. స్వర్ణముఖి యొడ్డున రైలు దిగిన యాత్రికుడు బోర్డుపై చదువునది ఒక్క మాట. అది తప్పు కాదు. మూడును తప్పు కాదు.

లెక్క యనునది యంత్రముతో వచ్చినది కాదని చెప్పుటకు శతకపు మకుటమునే చూడవచ్చును. పద్యములన్నియు శార్దూలములో, మత్తేభములో. శార్దూలమున పాదమునకు 19 అక్షరములు, మత్తేభమున 20. శ్రీకాళహస్తీశ్వరా యను మకుటమునకు ఏడక్షరములు. పందొమ్మిదిలో ఏడు పోగా పండ్రెండు. మకుటపు 'శ్రీ' పదుమూడవ యక్షరమగును. శార్దూలమునకు యతిస్థానము సరిగ పదుమూడవదే. ఇరువదిలో ఏడు పోగా పదుమూడు, 'శ్రీ' పదునాల్గవది, మత్తేభమునకు యతిస్థానము పదునాల్గవదే. కావున ఏ పద్యమునైనను నాల్గవ పాదము 'శ్రీ'కి యతి చెల్లు అక్షరముతో మొదలుకావలసినదే. ఇంతేకాక ఆ యేడక్షరముల గురులఘువుల వరుస రెండు వృత్తముల తుదకును ఒక్కతీరున సరిపోవును. నూటికి పైబడిన పద్యములకు ఒక్క తలుపు, ఒక్క తాళము. మా అత్తగారికి ఈ లెక్క యెవరును చెప్పలేదు. కాని నాల్గవ పాదపు మొదటి యక్షరము మఱచినప్పుడు వారు 'శ్రీ'ని తలచుకొని రాబట్టుకొందురు. దీనిని సరిచూచుటకు పిల్ల వ్రాసిన ప్రోగ్రాము చిన్నదే. అక్షరములకు నియమము కలదు. నియమమున్నదానికి యంత్రము లోబడును. మాటలకు అట్టి నియమము పొట్టిగ చెప్పుటకు వీలులేకున్నది.

ఇదంతయు పందెముతో ముగియు ముచ్చటయైనచో ఇంత వ్రాయనక్కఱలేదు. మాటలను విఱుచు నియమమే మాటలను వెదకు నియమము. పాత గ్రంథములను కంప్యూటరులో నెక్కించి, 'తండ్రి' యని వెదకినచో తల్లిదండ్రులున్న పుట దొరకదు. మనతో సంభాషించునట్టి నేటి యంత్రములు సైతము భాషను మొదట ముక్కలుగ కోసియే నేర్చును. ఆంగ్లమునకు అనువుగ చేసిన కత్తితో కోసినప్పుడు తెలుగు వాక్యము సాధారణముగ ఎక్కువ ముక్కలగును. ముక్కకింతయని రుసుము తీసికొనుచోట అంతకంత చెల్లింపవలసివచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగు పదముల రూపములను విడదీయు ప్రోగ్రాములపై చాలకాలము పని జరిగినది. అట్టి ప్రోగ్రాములు పొట్టివి కావు. వానిలో ధాతువుల పట్టికలు, విభక్తుల పట్టికలు, సంధి నియమములు కూర్చవలెను. వానిని కూర్చువారు మనుష్యులు.

ఈ చాకిరిలో స్త్రీల పాలు ఎంతయో చెప్పుటకు ఇటలీ దేశపు కథ యొకటి వినదగినది. రొబెర్తో బూసా యను క్రైస్తవ సన్న్యాసి, థామస్ అక్వినాసు అను మధ్యయుగపు వేదాంతి గ్రంథములలో భగవత్సాన్నిధ్యమను భావమును పరిశోధించుచు, దాని కీలకము 'లో' యని యర్థము నిచ్చు చిన్న లాటిన్ మాటలో నున్నదని తలచెను. ఆ మాట వచ్చిన తావులను చేతితో పదివేల చీటీలపై వ్రాసికొనెను. గ్రంథముల నన్నిటిని ఇట్లు చేయుటకు జీవితము చాలదని 1949లో అమెరికాకు పోయి ఐబీఎం కంపెనీ యధిపతియైన థామస్ వాట్సన్ సాయము కోరెను. తరువాత గల్లరాతే యను పట్టణమున అట్టలపై చిల్లులు పొడిచి మాట మాటను యంత్రమున కందించు పని సాగినది. కోటికి పైబడిన మాటలు. ఆ పనికై శిక్షణ పొంది కూర్చుండినవారిలో ఎక్కువమంది పడుచు స్త్రీలు. 1974 మొదలుకొని ఆ పదసూచి 56 సంపుటములుగ వెలువడినది. బూసా పేరు ప్రసిద్ధమైనది. అట్టలు పొడిచినవా రెవరని అడుగుటకు చాలకాలము పట్టినది.

ఆయన ప్రశ్ననే తెలుగు గ్రంథమున అడిగినచో నేమగును? మనకు 'లో' వేఱుగ నిలువదు. గుడిలో, మదిలో, నీలో, నాలో అని అంటియే యుండును. అదియు లేక 'ఇంట', 'మనమున' అని రూపు మార్చి దాగును. ఎడములను లెక్కించు యంత్రమునకు మన 'లో' యెన్నటికిని దొరకదు. ఈ మాట విన్నవెనుక పిల్ల, శతకమును విఱిచి యిమ్మని అవ్వగారిని బతిమాలినది. పందెము ముగిసి నెల దాటినది. దానికి బహుమానము లేదు, మార్కులు లేవు. ఎందుకని అడిగితిమి. "అవ్వ కాకుండా మనింట్లో ఎవరికొచ్చు పెద్దమ్మా?" అన్నది. మే మిద్దఱమును పద్యములు చదువగలము, భావము చెప్పగలము. పాదమును మాట మాటగ విఱిచి, ఇది దీని రూపమని తడబడక చెప్పుట వారికే చెల్లును. వారికి ఎనుబదియొకటవ యేడు.

మధ్యాహ్నము వంటయిల్లు కడిగినపిదప పని జరుగును. అత్తగారు పద్యము చదివి, మరల మెల్లగ విఱిచి చెప్పుదురు. మేము గీతల నోటుబుక్కులో మూడు వరుసలుగ వ్రాయుదుము: అచ్చులో నున్న రూపము, విఱిచిన రూపము, మూలరూపము. పిల్ల ఆదివారములందు వచ్చి దానిని కంప్యూటరులో నెక్కించుకొనును. తగవులు లేకపోలేదు. 'నీవె' యన్నప్పుడు చివరి ఎకారమును వేఱు మాటగ వ్రాయవలెనని పిల్ల. అది మాట గాదు, గొంతు నొక్కి చెప్పుట యని అవ్వ. 'చేసికొని' యనునది ఒకటియా రెండా యని ఒక మధ్యాహ్నమంతయు గడచినది. 'కొను' అంగడిలో కొనుట కాదు గనుక ఒకటే యని అవ్వగారు తీర్మానించిరి. రెండు విధముల విఱుగు తావులు కొన్ని వచ్చినవి. అట్టిచోట ఏది సరియని మేము అడుగగా, కవి రెండును కావలెననియే వ్రాసియుండునని వారి మతము. యంత్రమునకు ఒక్కటే కావలెనని పిల్ల తలపట్టుకొన్నది. తుదకు నోటుబుక్కులో నాల్గవ వరుస గీసితిమి.

పందెమునకు పంపిన ప్రోగ్రాము ఒక్క పంక్తి. ఇప్పుడు పిల్ల వ్రాయుచున్నది తెర నిండి క్రిందికి సాగుచున్నది. గసడదవలకు కొన్ని పంక్తులు, ద్రుతమునకు కొన్ని, అరసున్నకు ఒకటి. పట్టిక తలపై మకుటమే నిలిచియున్నది, పద్యమున కొకమాఱు వచ్చునది గనుక. దాని యెదుట మూలరూపపు వరుసలో ఏమి వ్రాయవలెనని అడిగితిమి. స్వామివారి పేరు గనుక పద్యములో ఒకటే యని అత్తగారు చెప్పిరి. మాహాత్మ్యము మొదలుపెట్టిననాడు మూడు చేయవచ్చునట. నలువది పద్యములైనవి. రెండవ నోటుబుక్కు తెప్పించితిమి.